ప్రెస్సు ముందు కొబ్బరికాయ

కరోనాకు ముందటి ఏడు, వానాకాలం చివర్లో నన్ను ఇటిక్యాల దగ్గరి ఒక జిన్నింగ్ మిల్లుకు మేనేజరుగా వేశారు. పత్తి నుంచి గింజ తీసే యంత్రాలను జిన్నులంటాం. తీసిన దూదిని ఒత్తి బేళ్లు కట్టేది ప్రెస్సు. ప్రెస్సు ఆగితే దూది పేరుకుపోతుంది, జిన్నులూ ఆపక తప్పదు. ఆ ప్రెస్సును నడిపేది ఈశ్వరమ్మ. భర్త పోయాక కూలికి చేరి, పాత ఆపరేటరు పక్కన నిలబడి పని నేర్చుకుని, ఆయన మానేశాక ఆ సీజనుకే ప్రెస్సు ఆపరేటరైంది. మాటలో జంకు లేని మనిషి.

మా మిల్లులో సీజను దసరా పూజతో మొదలవుతుంది. ఎవరి యంత్రానికి వాళ్లే బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాలి, ఆ తర్వాతే స్విచ్చి వేయాలి. జిన్ను ఆపరేటరు ఖాజా మాత్రం తన యంత్రానికి పూలదండ వేసి, కాయ కొట్టే పని పక్కవాడికి అప్పజెప్పేవాడు. "మాలో ఉండది సార్, ఏమనుకోకుండ్రి" అని అతనే చెప్పాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

దసరా ముందు రోజు యజమానిగారి అన్న వచ్చాడు. మిల్లులో ఆయనకు హోదా అంటూ లేదు, కానీ ఆయన మాట కాదన్నవాళ్లూ లేరు. ముత్తైదువ కాని మనిషితో కాయ కొట్టిస్తే సీజను కలిసిరాదట.

"ఖాజా మిషన్‌కు వేరేటోళ్లు కొడ్తలేరా? గట్లనే ఈమెది గూడ ఇంకొకరు కొడ్తరు. గింతదానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఖాజా తనంతట తాను వద్దన్నాడు, ఈమెను వద్దంటున్నది మీరు, రెండూ ఒకటెలా అవుతాయని అడిగాను.

ఈశ్వరమ్మ అక్కడే ప్రెస్సు తుడుస్తోంది. చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"నా చెయ్యి కాయ కొట్టనీకి పనికిరాకుంటే మిషన్ నడపనీకి గూడ పనికిరాదు సారూ. రేపు కాయ ఎవరు కొడితే బేళ్లు గూడ వాళ్లనే కట్టమనుండ్రి."

ప్రెస్సు నడపడం తెలిసినవాళ్లు మిల్లులో ఇంకెవరూ లేరు. అయినా నేను ఆ మాట ఎత్తలేదు. ఆమె స్థానంలో చీపురు పట్టే మనిషి ఉన్నా నా జవాబు అదే. ఈశ్వరమ్మ కొట్టకపోతే రేపు ఏ యంత్రానికీ పూజ ఉండదు, మెయిన్ స్విచ్చి నేను వేయను, ఏం చేసుకుంటారో చేసుకోండని చెప్పాను. ఆయన అక్కడి నుంచే తమ్ముడికి ఫోన్ చేసి, నా చేతికిచ్చాడు. యజమాని నాతో, సరే, మీరే చూసుకోండి అని ముక్తసరిగా అని పెట్టేశాడు.

మర్నాడు ఈశ్వరమ్మ ప్రెస్సుకు బొట్టు పెట్టి, కాయ కొట్టి, పని మొదలుపెట్టింది. పెద్దాయన రాలేదు.

సీజను ముగియగానే నన్ను వనపర్తి గోదాముకు మార్చారు. కారణం వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. మరుసటి దసరాకూ ప్రెస్సు ముందు ఈశ్వరమ్మే కాయ కొట్టిందని ఖాజా ఫోన్ చేసి చెప్పాడు.

మేనేజరు అందరినీ కలుపుకుపోవాలని శిక్షణ తరగతుల్లో చెబుతారు. నాకు తెలిసింది ఇంతే. తన మనుషుల్లో ఒకరిని పక్కకు జరగమన్నప్పుడు, వాళ్లతో పాటు తానూ జరగడానికి సిద్ధపడనివాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు.