మా అత్తయ్య గిన్నె గిటారు

నాకు ముక్కు మీదే కోపమని మా ఆవిడ అంటుంది. నేనొప్పుకోను. పొద్దున్నుంచీ వైర్లు లాగి, స్పీకర్లు మోసి, ఒళ్ళు హూనం చేసుకున్నాక ఎవడో వచ్చి "సౌండు సరిగ్గా లేదండీ" అంటే ఏ మైకుసెట్టువాడికైనా ఒళ్ళు మండదా? అయితే నేను గొంతు పెంచి మాట్లాడలేని మనిషి ఒకావిడ ఉంది. మా అత్తయ్య, అంటే మా ఆవిడ తల్లి. పెళ్ళయినప్పట్నుంచీ నేనుంటున్నది ఆవిడ ఇంట్లోనే. ఆవిడ నా మీద ఒక్కసారి కూడా కోప్పడలేదు. అదే నా ప్రాణం తీసింది.

అత్తయ్య ముప్పై రెండేళ్ళు ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసింది. రోగుల గౌన్లు, దుప్పట్లు, డాక్టర్ల టోపీలు అన్నీ ఆ గదిలోని నాలుగు మిషన్ల మీదే తయారయ్యేవి. ఇంటికొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని, గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించుకునేది. అది మామూలు గిటారు కాదు. పొట్టలో పల్చటి అల్యూమినియం గిన్నె ఒకటుంటుంది, దాని మీద చిల్లుల రేకు మూత మరలతో బిగించి ఉంటుంది. తీగ కదిలితే గిన్నె మోగుతుంది. రెజొనేటర్ గిటారు అంటారు దాన్ని. మా ఇంట్లో మాత్రం గిన్నె గిటారే. మామయ్య బతికున్న రోజుల్లో పాతసామాన్ల కొట్లో చూసి, సగం తీగలు లేకుండానే తెచ్చాడట. నేర్పేవాళ్ళెవరూ లేరు. మిషను తొక్కుతూ కూనిరాగం తీసుకునే పాటలన్నీ ఆ తీగల మీద ఒక్కొక్కటే వెతుక్కుని, తనంతట తానే నేర్చుకుంది. ఆవిడ వాయిస్తుంటే వీధిలో పోయేవాళ్ళు మా కిటికీ దగ్గర నడక తగ్గించేవారు.

పదకొండేళ్ళ క్రితం, మా పెళ్ళయిన కొత్తలో, లైబ్రరీ హాల్లో ఆవిడ మొదటిసారి నలుగురి ముందు కూర్చుంది. మైకుసెట్టు నాది. కొత్తల్లుణ్ణి కదా, నా ప్రతాపం చూపించాలనుకున్నాను. మైకు తెచ్చి సరిగ్గా గిన్నె నడినెత్తిన పెట్టాను. ఆవిడ వాయించేది ఆవిడకే బాగా వినబడాలని కాళ్ళ దగ్గర ఇంకో స్పీకరు పెట్టి ఆవిడ వైపే తిప్పాను. రెండూ గట్టిగా పెంచాను. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటుండదు. స్పీకరు శబ్దం గిన్నెను కదుపుతుంది, ఆ మోత మళ్ళీ మైకులోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి మళ్ళీ స్పీకర్లోకి వస్తుంది, తిరిగిన కొద్దీ పెరుగుతుంది. రెండో పాట మధ్యలో హాలంతా కీచుమంది. జనం చెవులు మూసుకున్నారు. ఏ బటన్ తిప్పాలో తెలియక నేను అన్నీ తిప్పాను. ఆవిడ గిటారు పక్కన పెట్టి, లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక నాకు టీ ఇచ్చి, "అలిసిపోయారు బాబూ, తాగండి" అంది. అంతే, ఇంకో మాట లేదు. నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఆ తర్వాత ఆవిడ బయటెక్కడా వాయించలేదు. ఎవరడిగినా "వేళ్ళు నొప్పులండీ" అనేది. ఇంట్లో రెండేసి గంటలు వాయించే వేళ్ళకు నొప్పులేమిటి? ఆవిడ పాటను నేనే చంపేశానని నాకు తెలుసు. పదకొండేళ్ళు ఆవిడకు మొహం చూపించడానికి సిగ్గుపడుతూనే ఆ ఇంట్లో అన్నం తిన్నాను.

ఈ ఏడాది కుట్టుగదిలో ఆవిడ పక్క మిషను మీద కుట్టే స్నేహితురాలు రిటైరవుతూ మా ఇంటికొచ్చింది. "నా వీడ్కోలుకి నువ్వు వాయించకపోతే నేనసలు రిటైరే అవను, ఏం చేస్తారో చెయ్యమను" అని భీష్మించుకు కూర్చుంది. అత్తయ్య సరేనంది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"మైకు మీరే పెట్టాలి బాబూ. మీరు పెడితేనే వాయిస్తాను" అంది. "కానీ ఈసారి కూడా అలాగే అయితే ఇక దాన్ని ముట్టుకోను. ఎవరికైనా ఇచ్చేద్దాం."

సభకు ఇంకా నెల రోజులుంది. ఆ నెలంతా నాకు వేరే ధ్యాస లేదు. గిన్నె గిటారుకు మైకు ఎలా పెట్టాలో తెలిసినవాళ్ళందరినీ అడిగాను. కాగితాల మీద బొమ్మలు గీసుకున్నాను. మా ఆవిడ చూసి, "నన్ను చేసుకునే ముందు కూడా ఇంత ఆలోచించి ఉండరు" అంది. నిజమే, ఆలోచించలేదు.

వీడ్కోలు సభ సాయంత్రానికి. పొద్దున్నే ఆసుపత్రి హాల్లో అన్నీ సర్దాను. మైకు ఈసారి గిటారుకు జానెడు దూరంలో, మూత అంచు వైపు ఏటవాలుగా పెట్టాను. గిటారు ఒంట్లోని అదురును నేరుగా అందుకునే చిన్న పికప్ బిళ్ళ ఒకటి దానికి అతికించాను. బిళ్ళ బలాన్నిస్తే మైకు అసలు గొంతును పట్టుకుంటుంది. కాళ్ళ దగ్గర స్పీకరు ఊసే లేదు. పెద్ద స్పీకర్లు ఆవిడకు బాగా ముందు, జనం వైపు తిప్పి నిలబెట్టాను. అత్తయ్య కూర్చుని వాయించింది.

దుప్పటి ముసుగులోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు వచ్చింది శబ్దం. పెంచాను. ముసుగులోంచి అరుస్తున్నట్టయింది. వైరు మార్చాను, మైకు మార్చాను, బిళ్ళ పీకి ఇంకోచోట అంటించాను. ఎక్కడా తేడా లేదు. ఇక నాకు తిక్క రేగి, మిక్సరును దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టాను.

"చాల్లెండి బాబూ, వినబడుతోంది కదా" అంది అత్తయ్య, నా వైపు చూడకుండా.

చాల్లెండి అనడమా? ఒక్క కుట్టు వంకర పోతే దుప్పటి అంచు మొత్తం విప్పి మళ్ళీ కుట్టే మనిషి! నాకు అనుమానమొచ్చింది. వద్దు వద్దంటున్నా వినకుండా స్క్రూడ్రైవరు తీసి రేకు మూత విప్పాను.

లోపల గిన్నె చుట్టూ ఎనిమిది చిన్న చిన్న దూది మెత్తలు. మెత్తటి గుడ్డతో, సందు వంపుకు తగ్గట్టు కత్తిరించి, అంచులు మడిచి ముచ్చటగా కుట్టినవి. ఆవిడ మీద నేను మొదటిసారి గొంతు పెంచింది అప్పుడే.

"ఏంటత్తయ్యా ఇది? దాని పీక నొక్కేశారు కదా!"

"దూది పెడితే అరవదని పెట్టాను. నాలుగు రోజులు కూర్చుని కుట్టాను. మీకు మళ్ళీ మాట రాకూడదని."

"మాట నాకేంటి? ఆ రోజు నామీద కోపంతోనే కదా మీరు లేచి వెళ్ళిపోయారు?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "కోపమెందుకు బాబూ? హాలంతా వెనక్కి తిరిగి మిమ్మల్నే చూస్తోంది. ముందు వరసలో ఎవరో నవ్వుతున్నారు. మా ఇంటికి కొత్తగా వచ్చిన పిల్లాడు, చేతులు వణికిపోతున్నాయి. నేను లేచి వెళ్తే అందరూ నన్ను చూస్తారు కదా అనుకున్నాను. చూశారు కూడా."

"మరి తర్వాతెందుకు వాయించలేదు?"

"అడిగిన ప్రతివాళ్ళూ మైకుకు మాత్రం వేరేవాళ్ళని పిలుద్దాం అనేవాళ్ళు. వేళ్ళు నొప్పులని చెప్పేదాన్ని."

స్క్రూడ్రైవరు పట్టుకుని స్టేజీ మీద అలాగే చతికిలబడ్డాను. పదకొండేళ్ళుగా నేను ఆవిడకు మొహం చాటేస్తుంటే, ఆవిడేమో నా కోసం తన పాటను ఇంట్లో దాచుకు కూర్చుంది. ఆవిడంటే నాకెంత ఇష్టమో నాకే ఆ క్షణం దాకా తెలియదు.

"ఇవి తీసేద్దామత్తయ్యా" అన్నాను ఎలాగో.

"అరిస్తే?"

"అరవచ్చు. అరవదని మాటివ్వలేను. అరిస్తే మూత మీద అరచెయ్యి వేసి ఆగండి. ఏ స్వరం దగ్గర అరిచిందో విని పట్టుకుంటాను, ఆ ఒక్కటీ తగ్గిస్తాను. లేచి మాత్రం వెళ్ళకండి."

ఆవిడ మెత్తలన్నీ తనే ఒక్కొక్కటీ తీసి సంచిలో వేసుకుంది. మూత బిగించి వాయిస్తే గిన్నె ఖంగున మోగింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. కుట్టుగది వాళ్ళు, నర్సులు, పిల్లలు, ఫ్యాన్ల రొద. పొద్దుటికన్నా ఎక్కువే పెంచాల్సి వచ్చింది. రెండు పాటలు బాగా వెళ్ళాయి. స్నేహితురాలు ముందు వరసలో కళ్ళొత్తుకుంటోంది. మూడో పాట మధ్యలో ఎక్కడో సన్నగా మొదలైంది, ఊఁ అంటూ. పెరిగింది. తలలన్నీ ఒక్కసారి నావైపు తిరిగాయి. నా వేళ్ళు కొయ్యబారిపోయాయి.

అత్తయ్య మూత మీద అరచెయ్యి వేసింది. శబ్దం ఆగింది. ఆవిడ లేవలేదు. మైకు మీదికి వంగింది.

"కొంచెం ఆగండమ్మా" అంది జనంతో. "మైకు మావాడు పెట్టాడు. వాడు చూసుకుంటాడు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను బాబూ, మీరూ అన్న మనిషి. ఇప్పుడు "వాడు" అంది, హాలంతటికీ వినబడేలా.

వేళ్ళలోకి ప్రాణం వచ్చింది. ఆ స్వరం చెవిలో ఇంకా గింగురుమంటూనే ఉంది. ఒక్కో స్వరస్థాయికి ఒక్కో మీట ఉండే ఈక్వలైజరు మీద దాని చోటు వెతికి, ఆ ఒక్క మీటనే కిందికి దించి, తల ఊపాను. ఆవిడ చెయ్యి తీసి, ఆగిన చోటి నుంచే అందుకుంది. గిన్నె గిటారు మా కిటికీ దగ్గర వినబడినట్టే ఆఖరి వరస దాకా వినబడింది.

పక్కన నిలబడ్డ మా ఆవిడ నా మోచెయ్యి గిల్లి, "కళ్ళు తుడుచుకోండి, అందరూ మిమ్మల్నే చూస్తున్నారు" అంది.

"చూడనీ" అన్నాను.