చెరిపిన చెయ్యి

ఎంటెక్‌లో నా ప్రాజెక్టు, మౌస్ ముట్టుకోకుండా చేతి కదలికలతో కంప్యూటర్‌ని నడిపించడం. మర్నాడే రివ్యూ కావడంతో ద్రాక్షారామం బస్సులోనే లాప్‌టాప్ తెరిచి, కెమెరా ముందు చేతులు ఊపుకుంటూ కూర్చున్నాను. కడియంలో ఒక పెద్దావిడ గులాబీ మొక్కతో ఎక్కి నా పక్కన కూర్చున్నారు. కాసేపటికి తెర మీద నా వేళ్లతో పాటు ఆవిడ వేళ్లకి కూడా, గుర్తుపట్టినట్టు పచ్చ చుక్కలు పడ్డాయి. ఆవిడ చటుక్కున రెండు చేతులూ కొంగులో దాచేసుకున్నారు.

"ఏంటమ్మా ఇది, నా వేలిముద్రలు తీసేసుకుందా?"

"లేదండీ. చెయ్యి ఎటు కదిలిందో చూస్తుందంతే."

"సిమ్ కార్డుకని వేలిముద్ర వేయించుకున్నవాడూ అంతేనన్నాడు. దాంతోనే నా పేరున ఇంకో సిమ్ తీసి ఎవరికో అమ్ముకున్నాడు."

నాకు ఉక్రోషం వచ్చింది. అప్పటిదాకా రికార్డయిన వీడియో చూపించి, "మీరే చెరిపెయ్యండి. అరచెయ్యి ఇలా పక్కకి ఊపితే పోతుంది," అన్నాను.

ఆవిడ అనుమానంగానే ఒక చెయ్యి బయటికి తీసి, పలక తుడిచినట్టు గాల్లో ఊపారు. వీడియో పోయింది. నేను గర్వంగా చూశాను.

"నా చెయ్యి మళ్లీ చూస్తేనే కదమ్మా చెరిపింది? మరి ఇప్పుడు చూసినదాని సంగతో?"

నేను లాప్‌టాప్ మూసేశాను. ఆవిడ మాత్రం మళ్లీ కొంగులో దాచుకున్న చేతులు బయటికి తియ్యకుండా, మొక్కని మోచేతుల మధ్య ఇరికించుకునే బస్సు దిగారు.

మర్నాడు రివ్యూలో లాప్‌టాప్‌ని అందరివైపూ తిప్పి చూపించాను. చప్పట్లు కొట్టారు. తెర మీద ప్రతి వేలికీ పచ్చ చుక్కలు పడుతున్నాయి. ఒక్కరూ చేతులు దాచుకోలేదు.