ముసురన్న మాట నాది

మా ఆయన ఆఫీసులో, ఆయన పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయంటే నాకు ఈర్ష్యగా ఉండేది. ఈర్ష్య అన్న మాట మెత్తగా ఉంది, కడుపు మండిపోయేది. అప్పట్లో ఎవరైనా సూటిగా అడిగి ఉంటే కాదనేదాన్ని కాదు. కాకపోతే అడిగినవాళ్లంతా మా ఆయన గురించి అడిగారు. కుర్చీ గురించి ఒక్కరూ అడగలేదు.

ఖతార్‌లో చమురు డబ్బూ గ్యాసు డబ్బూ పొంగుతున్న రోజులవి. లుసైల్ వైపు కొత్త ఊరు లేస్తోంది, ఏ దిక్కు చూసినా క్రేన్లే. మేము దోహా పక్కన అల్ అజీజియాలో ఫ్లాట్ తీసుకుని ఉండేవాళ్లం. మా ఆయన కంపెనీ పని భూమిని తట్టి వినడం. నేలలోకి కంపనాలు పంపి, లోపలి రాతిపొరలకు తగిలి తిరిగొచ్చే అలల్ని రికార్డు చేసి, చమురు ఎక్కడ దాగుందో చదువుతారు. మనం పుచ్చకాయను తట్టి కొనుక్కున్నట్టే అనుకోండి.

ఆ పని నాకూ వచ్చు. విశాఖపట్నంలో ఇద్దరం ఒకే క్లాసులో భూభౌతిక శాస్త్రం చదివాం. పరీక్షల ముందు నా చేత పాఠం చెప్పించుకోవడానికి మా హాస్టల్ గేటు దగ్గర పడిగాపులు పడిన మనిషి ఆయన. పెళ్లయ్యాక ఆయన ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు, నేను ఆయన మీద వచ్చాను. నా నివాస అనుమతి కార్డు మీద గృహిణి అని రాసి, పనిచేయడానికి అనుమతి లేదని పక్కనే ముద్ర కొట్టారు. పప్పు పోపు పెట్టడానికి అనుమతి అవసరం లేదు కాబట్టి ఆ పని చేస్తూ ఉండేదాన్ని.

అలాంటి సమయంలో సౌదీకి పడమటి కొసన, ఎర్ర సముద్రం దగ్గర, నేల కదలడం మొదలుపెట్టింది. అక్కడ హర్రా అని పిలిచే నల్లరాతి మైదానాలున్నాయి. ఏనాటివో అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి, కాలితే ఎలా ఉంటుందో అలాగే మిగిలిపోయిన నేల. ఆ నేల కింద కరిగిన రాయి పగుళ్లలోంచి దారి వెతుక్కుంటూ పైకి ఎగబాకుతోందని అనుమానం. పైకి వస్తుందో, మధ్యలోనే ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. సౌదీవాళ్లు పరికరాలు చాలక మా ఆయన కంపెనీ దగ్గర అరువు తెచ్చుకున్నారు. పరికరాలతో పాటు మా ఆయన్నీ తీసుకెళ్లారు. ఆయన అక్కడ యంత్రాలు పాతి రావడం, అవి పంపే రికార్డులు దోహా ఆఫీసులో కూర్చుని చదవడం, ఇదీ ఏర్పాటు.

మొదటిసారి అక్కడినుంచి వచ్చినప్పుడు భోజనం దగ్గర ఆయనకి ఒక మాట కావలసి వచ్చింది. మామూలు భూకంపమంటే పెళ్లిలాంటిది. ఒక పెద్ద మోత, ఆ తరువాత కొన్నాళ్లు చిన్న చిన్న సందడులు. ఇది అలా కాదు. పెద్దదంటూ లేకుండా అన్నీ చిన్నవే, ఒకదాని మీద ఒకటి, రోజుల తరబడి. ఇంగ్లీషులో స్వార్మ్ అంటారు, మా అమ్మకి ఫోన్లో ఎలా చెప్పను అన్నారు. గుంపు అని చూశారు, దండు అని చూశారు. ఏదీ అతకలేదు.

నేను సాంబారు గిన్నె కింద పెడుతూ ముసురు అన్నాను.

ఈగలు ముసిరినా ముసురే, వాన పట్టి వదలకపోయినా ముసురే. కుండపోత కాదు, మెరుపుల్లేవు. ఎప్పుడు మొదలైందో సరిగా తెలియదు, ఎప్పుడు పోతుందో అసలే తెలియదు. ఇంతకంటే సరైన మాట ఏ భాషలో ఉందో చెప్పమనండి. ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. క్లాసులో నేను లెక్క తేల్చినప్పుడు ముఖం ఎలా పెట్టేవారో అలా పెట్టారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ ఊపులోనే ఆయన, రికార్డులు గుట్టలు పడుతున్నాయి, చదివే కళ్లు చాలడం లేదు, మా మేనేజరుకి నీ సంగతి చెబుతాను అన్నారు. స్పాన్సరు, అంటే నన్ను తన వీసా మీద తెచ్చినవారు, సంతకం పెడితే అనుమతి తెచ్చుకోవచ్చట. ఆ స్పాన్సరు ఎదురుగానే కూర్చుని పెరుగన్నం తింటున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నేను మర్నాడే మంగళగిరి నేతచీర తీసి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి అలమరాలో తగిలించాను.

తరువాతి వారంలో ఆఫీసులో ఆయన పక్క కుర్చీలోకి హైదరాబాదునుంచి ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది.

నా సంగతి ఏమైందని అడిగితే, చెబుదామనుకుంటూనే ఉన్నాను, ఇంతలో ఆ అమ్మాయి వీసా వచ్చేసింది అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు పెద్దలు. ఇక్కడ పూజారి నా మొగుడే. చీర మడిచి అడుగున పెట్టేశాను.

ఆ అమ్మాయిది జగిత్యాల వైపు. మాకు దగ్గర్లోనే ముఐథర్‌లో ఒక విల్లాలో గది తీసుకుని ఉండేది. వాళ్ల నాన్న ఈ దేశంలోనే కూలీల క్యాంపులో ఉండి బిల్డింగుల పని చేసి వెళ్లాడట, ఊళ్లో మాత్రం దుబాయ్ పోయిండనే చెప్పుకునేవారట. తండ్రి ఇటుకలు మోసిన చోటికి కూతురు ఆఫీసరై రావడం చాలా గొప్ప సంగతి. ఈ సంగతి మా ఆయన నాకు చెప్పినప్పుడు నేను అవునా అన్నాను. ఇంకేం అనమంటారు? మనసులో ఉన్నది అంటే బాగుండదు.

కుర్చీ పోతే పోయింది. ఒక సాయంత్రం మా ఆయన ఫోను స్పీకరులో పెట్టి బూట్లు విప్పుకుంటున్నారు. అవతలినుంచి ఆ అమ్మాయి గొంతు.

"అన్నా, ఇయ్యాల ముసురు గట్టిగనే పట్టింది."

వంటింట్లోంచి గరిటెతోనే గుమ్మం దాకా వచ్చాను. నా మాట. సాంబారు గిన్నె దగ్గర నేను పుట్టించిన మాట ఆ పిల్ల నోట్లో హాయిగా తిరుగుతోంది. అప్పటినుంచి రోజూ అదే. ముసురు పెరిగింది, ముసురు ఉత్తరానికి జరిగింది, ముసురు లోతు తగ్గింది. ఇద్దరూ నా మాటలో మాట్లాడుకుంటుంటే నేను చపాతీలు కాలుస్తూ వినేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో చపాతీలన్నీ మాడినవే.

కింద ఫ్లాట్‌లో ఉండే గుంటూరు ఆవిడ ఒకసారి గొంతు తగ్గించి, మగాడు అన్నాళ్లు ఎడారుల్లో తిరుగుతూ, ఇంటికొచ్చాక కూడా ఆడపిల్లతో ఫోన్లో ఉంటే కాస్త కనిపెట్టుకుని ఉండాలమ్మా అని హితవు చెప్పింది. మీరు అనుకునేది కాదండీ అని నవ్వాను. మా ఆయన్ని ఎవరైనా ఎత్తుకుపోతే రెండో రోజే తెచ్చి దింపేస్తారని నాకు తెలుసు. నా బెంగ ఆయన గురించి కాదు. నాకు వచ్చిన పని నా కళ్ల ముందే ఇంకొకరు చేస్తున్నారు. ఆ పిల్ల మంచిదని అందరూ అంటున్నారు. దాంతో తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

ఇక భీమవరంలో మా అత్తగారిది ఇంకో గోల. ముసురు ఇంకా వదల్లేదమ్మా, ఇప్పట్లో రాలేను అని కొడుకు ఫోన్లో చెబితే ఆవిడ వానే అనుకుంది. నేను ఫోను చేస్తే ముందుగా అడిగేది అదే. ముసురు ఎలా ఉంది, బట్టలు ఆరుతున్నాయా, ఇంట్లోనే ఫ్యాను కింద వేసుకో, ఈ ముసుర్లో వడియాల జోలికి పోకు. దోహాలో చినుకు పడితే పండగ చేసుకుంటామని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఆరుతున్నాయండీ అనేదాన్ని.

వంటింటి అలమరాలో ఉన్న దేవుళ్లకి రోజూ దీపం పెట్టి ఒకటే కోరుకునేదాన్ని, ఈ ముసురు విడిచిపోవాలని. ఊళ్లు ఖాళీ చేసి గుడారాల్లో ఉన్న జనం కోసమా అంటే, నిజం చెబుతున్నాను, వాళ్లు గుర్తొచ్చేవాళ్లు కాదు. ముసురు పోతే రికార్డులుండవు. రికార్డులు లేకపోతే ఆ కుర్చీ ఉండదు. నాకు లేని కుర్చీ ఎవరికీ ఉండొద్దు. ఇందులో సిగ్గుపడాల్సింది నాకు ఇప్పటికీ కనబడదు.

మా ఆయన మళ్లీ హర్రాకి వెళ్లినప్పుడు అక్కడినుంచి ఫోను చేసి, శుక్రవారం ఆ అమ్మాయిని భోజనానికి పిలిచాను, పాపం ఒక్కతే తిప్పలు పడుతోంది అన్నారు. ఈయన పిలుపులు ఈయనవి, వండేది నేను. గోంగూర పప్పు, పులిహోర చేశాను. రుచి తగ్గించి చేద్దామనుకున్నాను గానీ చెయ్యి మాట వినలేదు.

సన్నటి పిల్ల, కళ్ల కింద నల్లటి చారలు. వస్తూనే నమస్తే వదినె అని, చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వచ్చి గిన్నెలు అందుకుంది. వదినె అట. తిన్న తరువాత కాసేపు పడుకోమంటే, పని ఉంది అని డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచింది. చేయి కడుక్కుని వస్తూ నేను తెర వైపు చూశాను. చూడకూడదనే అనుకున్నాను.

భూకంపం వచ్చినప్పుడు ముందు ఒక అల వస్తుంది, దాని వెనక ఇంకోటి. రెండూ ఎక్కడ మొదలయ్యాయో గీతలో గుర్తుపెట్టాలి. వాటి మధ్య ఎడం చూస్తే కదలిక ఎంత దూరంలో పుట్టిందో తెలుస్తుంది. ఒక్క భూకంపమైతే సులువే. ముసురులో ఒకదాని తోక తగ్గకముందే ఇంకోదాని తల లేస్తుంది. ఏ అల ఎవరిదో విడదీయడం అంటే, పెళ్లి పందిట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే మన పిల్లాడి ఏడుపు పోల్చుకోవడమే. ఆ పిల్ల ఒకచోట గుర్తు పెడుతోంది, తీస్తోంది, మళ్లీ పెడుతోంది.

కాస్త ఎడమకి జరుపు అన్నాను.

నా వైపు చూసి, జరిపింది. సరిగ్గా అక్కడ గీత సన్నగా ఒక వంపు తిరిగి ఉంది. తరువాతిది అడిగింది, చెప్పాను. దాని తరువాతిదానికి నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు టీ పెట్టింది ఆ పిల్లే. మధ్యాహ్నం ఎటు పోయిందో తెలియలేదు. చదువుకునే రోజుల తరువాత నేను అంత సుఖంగా ఉన్న పూట ఇంకోటి లేదు.

టీ తాగుతూ ఆ పిల్ల, అన్నకు మంచి మాటలు దొరుకుతయి వదినె, ముసురు అని ఎంత మంచి పేరు పెట్టిండు అంది.

"ఆ మాట నాది," అన్నాను.

కప్పు కింద పెట్టింది. మా ఆయన ఆఫీసులో ఎవరి పేరూ చెప్పలేదట, ఊరికే వాడడం మొదలుపెట్టారట. నేను చదివింది కూడా ఇదేనని ఆ పిల్లకి తెలియదు. అన్న భార్య ఇంట్లో ఉంటుంది అన్నంతవరకే తెలుసు.

"మరి మీరు ఆఫీసుకు ఎందుకు వస్తలేరు వదినె?"

"నన్నెవరూ అడగలేదు."

"నేనడుగుత."

ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం ఆఫీసు తెరవగానే ఆ పిల్ల మేనేజరు దగ్గరికి పోయి అడిగింది. మా ఆయన అన్నాళ్లూ అడుగుదాం అడుగుదాం అనుకున్నది, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఒక పూటలో తేల్చేసింది. తన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేయించింది. మా ఆయన ఎడారినుంచి వచ్చి సంతకం పెట్టారు. వచ్చే ఆదివారంనుంచి రమ్మన్నారు.

నేను అడుగునుంచి మంగళగిరి చీర తీశాను. మడతల దగ్గర వాసన పట్టింది. మళ్లీ ఉతికాను. ఆ వారమంతా ఆ పిల్లమీద కోపం తెచ్చుకుందామని చూశాను, అలవాటు కొద్దీ. రాలేదు. దీపం మాత్రం పెడుతూనే ఉన్నాను. కోరిక మార్చుకోవాలని తోచలేదు, పనుల హడావిడిలో మరిచిపోయాను.

శనివారం పొద్దున్న చీరకి గంజి పెట్టి బకెట్లో ఉంచాను. ఫోను మోగింది.

"వదినె, ముసురు ఇడ్సింది."

రెండు రోజులుగా తగ్గుతూ వచ్చి, ఆ పొద్దుటికి గీతలన్నీ పడుకున్నాయట. కరిగిన రాయి పైకి రాకుండా లోపలే ఎక్కడో ఆగిపోయిందని అనుకుంటున్నారట. జనాన్ని త్వరలో ఊళ్లకు పంపుతారట. కొత్త కుర్చీ ఇక అక్కర్లేదని మేనేజరు చెప్పాడట. తనను కూడా నెలాఖరుకి తిరిగి హైదరాబాదు పంపిస్తున్నారని చివర్లో చెప్పింది, అదేదో చిన్న సంగతైనట్టు. ఇంతమందికి మేలు జరిగింది గదా వదినె అంది. జరిగింది అన్నాను. ఆ ఇంట్లో, ఆ ఊళ్లో, ఆ నల్లరాతి దేశంలో ముసురు పోయినందుకు ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ముఖం కడుక్కుని వస్తుంటే మా అత్తగారు ఫోను చేసింది. ముసురు ఎలా ఉందని అడిగింది. విడిచిందండీ అన్నాను.

"అమ్మయ్య, విడిచిందా? అయితే బట్టలు ఆరేసుకోమ్మా," అంది.

బకెట్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. చీర పిండి, దులిపి, తీగ మీద ఆరేశాను. దోహా ఎండకి అరగంటలో ఆరిపోయింది.