పీసా గోపురం ఫొటో

మా ఇంటి గోడకు ఇప్పుడు మేకు ఒకటే ఉండాది. ఫొటో తీసేసినా.

నేను ఆంబూరు చెప్పుల కంపెనీలో పనిచేస్తా. కొత్త మిషను నేర్చుకోమని ఇటలీకి పంపినప్పుడు, ఒక ఆదివారం పీసా ఊరికి పోయి ఒరిగిన గోపురం చూసినా. అందరి మాదిరే నేనూ దాన్ని రెండు చేతులతో ఆపినట్టు నిలబడి, పళ్లికిలించి ఫొటో తీయించుకొన్నా. దాన్నే ఇంట్లో గోడకు తగిలించినా.

గుడియాత్తం నుంచి వేలూరు పోయే బస్సులో ఆ ఫొటోనే ఫోన్లో చూసుకుంటా ఉంటే, పక్క సీటామె తొంగి చూసింది. సిమెంటు మరకల చీర, ఒళ్లో ఖాళీ తట్ట.

"కట్టెలు ఆనించకుండా చేతుల్తో పట్టుకున్నావేంది నాయనా?"

నాకు నవ్వొచ్చింది. "ఉత్తుత్తికే అమ్మా. అది యాడనో దూరంగా ఉండాది."

ఆమె నవ్వలేదు.

"పోయినేడు మేము పునాది తవ్వతా ఉంటే పక్కింటి గోడ ఒరిగింది. ఆనించే కట్టెలు రేపు తెస్తానన్నాడు మేస్త్రి. నేను గుంతలో ఉండా. మా ఇంటాయన గోడకు ఇట్లే రెండు చేతులూ ఆనించి, బయటికి రామ్మే అని అరిచినాడు. నేను ఎక్కి వచ్చేసినా. ఆయప్ప చేతులు తియ్యలేకపాయె."

కాట్పాడిలో దిగే ముందు ఆమె బొటనవేలితో ఫొటోలో గోపురాన్ని మూసింది. చేతులు చాపుకొని నేనొక్కణ్ణే మిగిలినా.

"కడదాకా ఇట్లే ఉండినాడు," అనింది. "ఈ నవ్వొకటే లేదు."