పైపుల లారీలో వచ్చిన రహీమా మేడం

మొన్న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నా ఆటో పక్కన ఒక పైపుల లారీ వచ్చి ఆగింది. ఎండకి కాగిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఆటో డ్రైవరు విసుక్కుంటూ మొహం తిప్పుకున్నాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఒకప్పుడు అలాంటి లారీ కోసమే విశాఖపట్నంలో ఒక స్టేడియం గేటు పట్టుకుని, గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అందులో రావాల్సింది రహీమా మేడం.

భవానీపురంలో నేను కొత్తగా ఆటల టీచరుగా చేరిన బళ్ళో ఆవిడ సీనియర్ పీఈటీ. చీర కొంగు నడుముకి దోపి, మెడలో విజిల్‌తో తిరిగేవారు. ఆడపిల్లల అథ్లెటిక్స్ జట్టు ఎక్కడికి వెళ్ళినా టికెట్లు, బస, భోజనం అన్నీ ఆవిడ బాధ్యతే. తల్లిదండ్రుల్ని ఒప్పించడం కూడా. మా జట్టులో పోల్‌వాల్ట్ చేసే దివ్య వాళ్ళది కూచిపూడి దగ్గర పల్లె. విశాఖపట్నంలో పోటీలనగానే వాళ్ళ నాన్న, "ఆడపిల్లని అంత దూరం పంపలేనండీ" అని తేల్చేశారు. మేడం నన్ను వెంటబెట్టుకుని బస్సులో వాళ్ళింటికి వెళ్ళారు. "నన్ను చూసి పంపండి అన్నయ్యగారూ. దివ్యని మీ గుమ్మంలో దింపాకే నేను మా ఇంటికెళ్తాను" అన్నారు. ఆయన చివరికి తలూపారు.

తీరా బయల్దేరే రోజు విజయవాడ స్టేషన్‌లో పోల్ రైలెక్కలేదు. మనిషికి రెండింతలకు పైగా పొడుగున్న ఫైబర్ కర్ర అది. ఎటు తిప్పినా తలుపులోంచి లోపలికి దూరలేదు. పోనీ కిటికీ ఊచలకి కడదామంటే, ఎదురొచ్చే బండికి తగులుతుందని రైల్వే ఆయన వద్దన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. దివ్య ఏడుపు మొదలెట్టింది. పోల్‌ని ఎగిరేవాళ్ళ బరువుకి తగ్గట్టు ఎంచుతారు. వేరేవాళ్ళది అడిగి వాడితే చేతులు విరగొచ్చు.

మేడం నా వైపు తిరిగారు. "సుజాతా, నువ్వు పిల్లల్ని తీసుకుని వెళ్ళు. నేను దీన్ని తీసుకొస్తా."

"నేనొక్కదాన్నేనా మేడం? ఎలా తీసుకొస్తారు?"

"ఆటోనగర్ నుంచి పైపులు, ఇనుప చువ్వలు రోజూ లారీల్లో వెళ్తుంటాయిగా. అవెలా వెళ్తాయో ఇదీ అలాగే వెళ్తుంది."

"డ్రైవర్‌కి అప్పజెప్పి మీరు తర్వాతి రైలుకి వచ్చేయండి."

"దీని మీద ఏదో ఒకటి పడేస్తారమ్మా. పగిలితే ఆ పిల్లకి ఏం చెప్పను?"

రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద పోల్ భుజాన వేసుకుని జనాన్ని తప్పించుకుంటూ పోతున్న ఆవిడ్ని కనబడినంతసేపూ చూశాను. పిల్లలు నా మొహమే చూస్తున్నారని గ్రహించి, పులిహోర పొట్లాలు విప్పాను.

మర్నాడు పొద్దున పోటీ. తుని దాటాక లారీ టైరు పేలిందని రాత్రి మేడం ఫోన్ చేశారు. ఆ తర్వాత ఆ ఫోనూ పలకలేదు. తెల్లారాక మైదానంలో మిగతా పిల్లలు వార్మప్ చేస్తుంటే దివ్య వట్టి చేతులతో పరుగెత్తి ప్రాక్టీసు చేస్తోంది. అది చూడలేక గేటు దగ్గరికి వచ్చేశాను.

చివరికి పెద్ద హారన్ మోగింది. నీలం పైపుల లారీ కేబిన్‌లోంచి మేడం దిగారు. జుట్టంతా రేగిపోయి ఉంది, చీర నిండా దుమ్ము. పోల్ మాత్రం ఆవిడ దుప్పటి చుట్టుకుని, పైపుల మీద భద్రంగా ఉంది. నేను ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత. ముందు పోల్ పట్టుకో" అన్నారు.

దివ్యకి పతకం రాలేదు. కానీ ఆఖరి ప్రయత్నంలో, అదివరకెన్నడూ దాటని ఎత్తు దాటింది. బార్ వణికి, పడకుండా నిలిచిపోయింది. నేను కేకలు వేస్తూ గ్యాలరీకి పరుగెత్తాను. మేడం హ్యాండ్‌బ్యాగ్ తలకింద పెట్టుకుని గాఢంగా నిద్రపోతున్నారు.

"మేడం, దాటింది! మీరు చూడనేలేదు!"

ఆవిడ ఒక కన్ను తెరిచారు. "ఇక్కడిదాకా తేవడం మన పని. ఎగరడం దాని పని. అది చేసుకుంటుందిలే."

మేడం రిటైరయ్యాక జట్టు ప్రయాణాలు నా చేతికొచ్చాయి. బయల్దేరే ముందు ఇప్పటికీ టికెట్లు పదిసార్లు లెక్కపెడతాను. కానీ పిల్లల్ని మైదానంలోకి పంపాక, వెళ్ళి గ్యాలరీలో కూర్చుంటాను. ఆపైన గెలుపోటములు వాళ్ళవి. ఈ మధ్య కాకినాడలో అలా కూర్చునే, నేనూ ఓ కునుకు తీశాను.