అక్కా అని పిలిచే ఊరు

బ్యాంకాక్ వెళ్తున్నానని మగవాడెవడైనా అంటే మా వైపు వినేవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. అత్తాకోడళ్ళం వెళ్తున్నామంటే మాత్రం ఎవరికీ ఏ మొహం పెట్టాలో తెలియలేదు.

మా ఆయనది శ్రీకాకుళంలో సిమెంటు కొట్టు. కంపెనీ డీలర్లకి భార్యాభర్తల టూరు ఇచ్చింది. తరతరాలుగా సముద్రంలో వేటకెళ్ళిన ఇంట్లో పుట్టిన ఆయనకి విమానమంటే భయం. తన బదులు వాళ్ళమ్మని పంపించాడు. టూరు అయ్యేదాకా అత్త మెడలో ఆయన పేరున్న కార్డే వేలాడింది. "దంపతులకు స్వాగతం" అన్న బ్యానరు కింద మా ఇద్దరికీ ఫోటో కూడా తీశారు. అది ఇప్పుడు మా హాల్లో టీవీ పక్కన ఉంది.

అక్కడి విమానాశ్రయం పేరు సువర్ణభూమి. "పేరైతే మనదే," అంది అత్త, బంగారం కోసం నేలంతా ఓసారి చూసి. రోడ్ల నిండా కార్లు ఇరుక్కుపోయి ఉన్నాయి, ఒక్కడూ హారన్ కొట్టడం లేదు. గరివిడి రైలు గేటు పడినప్పుడు రెండు నిమిషాలకే ఊరు దద్దరిల్లుతుంది. నాకు ఆ నిశ్శబ్దం కాస్త అనుమానంగా అనిపించింది. అత్త మాత్రం, "ఈలకి ఎక్కడికీ తొందర నేదేటే?" అని ఊరుకుంది.

ప్రతి పెద్ద భవనం ముందూ ఒక స్తంభం, దాని మీద బొమ్మరిల్లంత గుడి. అందులో దేవుడికి ఎర్రటి కూల్‌డ్రింకు పెడతారు, మూత తీసి, స్ట్రా వేసి మరీ. అత్త ఆ స్ట్రా దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

"మన దేవుల్లు ఇన్నాల్లూ ఎలా తాగుతన్నారో," అంది.

బజార్లో ఎండుచేపల కొట్టు కనిపిస్తే ఒక ముక్క అడిగి నోట్లో వేసుకుని, ఉప్పు చాల్లేదని తీర్పు చెప్పింది. కొట్టామె నవ్వి ఏదో అంది. అక్కడి ఆడవాళ్ళు ప్రతి మాట చివరా "కా" అని సాగదీస్తారు. అది మర్యాద కోసమని గైడు చెప్పాడు. అత్త నమ్మలేదు. హోటల్లో తలుపు తీసే పిల్ల దగ్గర్నుంచి మామిడిపళ్ళు కోసిచ్చే ముసలామె దాకా అందరూ తనని అక్కా అంటున్నారని ఆమె లెక్క. వాళ్ళ ఊళ్ళో అక్కని అప్పా అంటారు.

"పరాయి దేశపోలు దిగగానే అక్కా అన్నారు. నన్ను అత్తా అనడానికి నీకు ఏడాది పట్టినాది."

అది నిజమే. నా పుట్టిల్లు మెట్ట పొలాల ఊరు, మాది ప్రేమపెళ్ళి. ఆ ఏడాదంతా నేను ఆమెని "ఇదిగో" అనే పిలిచాను.

మర్నాడు రోడ్డు కదలడం లేదని గైడు మమ్మల్ని కాలవ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ పడవే సిటీ బస్సు. ఆఫీసుకెళ్ళే ఆడవాళ్ళు చేతిలో కాఫీ ఒలక్కుండా అందులోకి దూకుతున్నారు. మా జంటలన్నీ ఎక్కాయి. అత్త రేవు మీదే ఆగిపోయింది.

"నానెక్కను. మీరెల్లిపోండి."

"భయమా అత్తా?"

"నాకేటి భయం? ఆలంతా పిల్లలున్నోలు."

నాకు అర్థమైంది. అత్త తన పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఒడ్డున ఇసుక కాళ్ళు కాలుస్తుంటే పడవెక్కి కూర్చుంది. ఆడది పడవెక్కకూడదని వాళ్ళ నమ్మకం. మర్నాడు ఆ పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళు ఈదుకొచ్చారు, మామ తమ్ముడు రాలేదు. ఊరంతా అత్త వల్లేనంది. పోయినతని భార్య, మా చిన్నత్త, ఆ మాట ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు. ఇద్దరివీ ఒకే గోడకి అటూ ఇటూ ఇళ్ళు. ఉప్పు, పప్పు, జ్వరాలు, కోడళ్ళ తప్పులు అన్నీ మాట్లాడుకుంటారు, ఆ ఒక్కటి తప్ప. నేను కోడలిగా వచ్చాక కూడా అత్త పడవని చేత్తో తాకడం చూడలేదు. తాను ఎక్కితే ఆ కాఫీలవాళ్ళందరూ మునిగిపోతారని ఆమెకి అనుమానమేమీ లేదు, నమ్మకమే.

పడవ అంచు మీద టిక్కెట్లిచ్చే ఆవిడ నిలబడి ఉంది, తలకి హెల్మెట్‌తో. ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి అత్త వైపు చాచి గబగబా ఏదో చెప్పింది. చివర్న "కా" అంది.

అత్త నా వైపు చూసింది. "అక్కా అని సెయ్యి సాపినాక ఎలా కాదంతామే," అని ఆ చెయ్యి పట్టుకుని ఎక్కేసింది. నేనే రేవు మీద ఆగిపోయాను. నన్ను వెనక నుంచి ఎవరో నెడితే లోపల పడ్డాను.

నేను పడవ అంచు పట్టుకుని కూర్చున్నాను. అత్త నీళ్ళ వైపు చూడలేదు. పడవ ఊగినప్పుడల్లా ఒక్కొక్క మొహం చూస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెడుతూనే ఉంది. దిగాక రేవు మీంచి కదల్లేదు. చివరి మనిషి దిగేదాకా చూసింది. కొత్తవాళ్ళు ఎక్కి పడవ వంపు తిరిగిపోయేదాకా చూసింది. ఆమె మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. గైడు మాత్రం షాపింగుకి ఆలస్యమవుతోందని కంగారు పడ్డాడు.

ఊరొచ్చాక చిన్నత్త ఇసుక మీద నెత్తళ్ళ చేపలు ఆరబెడుతుంటే అత్త వెళ్ళి పక్కన కూర్చుంది. నేను వాళ్ళకి టీ తీసుకెళ్ళాను.

"ఏటి సూసినావే అక్కడ?" అంది చిన్నత్త.

"ఆడోలు పడవెక్కుతన్నారు. నానూ ఎక్కినాను."

చిన్నత్త చెయ్యి ఆగింది.

"ములగనేదా?"

"నేదు. అందరూ దిగినారు. సూసినాను."

 చిన్నత్త వరసలో ఉన్న చేపల్ని ఒక్కొక్కటీ తిరగేసుకుంటూ అత్త మోకాలి దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"ఆ దినం గాలెక్కువే, అప్పా," అంది.