కాటేగీ క్యా?

డిగ్రీ రిజల్ట్ వచ్చిన మర్నాడు బాంబూఫ్లాట్ ఫెర్రీలో కనబడ్డ వాళ్లందరికీ చెప్పేస్తున్నాను, మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌ని నేనేనని. ఒళ్లో మా స్పానియల్ కుక్క రాణి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక దాని నున్నటి బొచ్చు ఊలులా ఉబ్బిపోయింది. మొత్తం తీయించేద్దామని బయల్దేరాను గానీ, మనసొప్పడం లేదు.

పక్కన కూర్చోబోతూ ఒక పెద్దావిడ, మా దీవుల్లో అందరూ మాట్లాడే హిందీలో, "కాటేగీ క్యా?" అంది. కరుస్తుందా అన్నా అదే మాట, కత్తిరిస్తావా అన్నా అదే మాట. నా ధ్యాసంతా కత్తెర మీదే.

"ఆజ్ హీ దీదీ, పూరా!" అన్నాను. ఇవాళే, మొత్తం అని.

"ఓలమ్మో!" అంటూ ఆవిడ అవతలి బెంచీ మీదికి గెంతింది.

సంగతి చెబితే కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "డిగ్రీ పాసయ్యావు గానీ హిందీ తప్పావే! మా కుక్కకి గొరిగించాను తల్లీ, మళ్లీ ఆ మెరుపు రానేలేదు. దువ్వు, చాలు."

సంచిలోంచి తన దువ్వెన తీసి రాణి వీపు మీద లాగింది. పిడికెడు ఊలు ఊడొచ్చింది. కింద పాత మెరుపు!

దిగేటప్పుడు దువ్వెన ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఉంచుకో. ఇంత మంచి కబురు విని ఉత్త చేతుల్తో పోతానేటి?"

రాణీ నేనూ అదే ఫెర్రీలో వెనక్కి వచ్చేశాం.